ఊరంతా ఓదార్చిన శనివారం

ఆ శనివారం పొద్దున కాఫీ తాగుతూ కౌస్తుభ్, అవని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గెస్ట్ రూమ్‌లో మంచం అమ్మేసి, ఆ చోట పుట్టబోయే బిడ్డకు క్రిబ్, అదే పసిపిల్లల మంచం, వేయాలి. ఎలాగూ అమ్ముతున్నారు కాబట్టి రెండో కారు కూడా వదిలించుకోవాలి. డాక్టరు విశ్రాంతి తీసుకోమనడంతో అవని పోయిన నెలలో ఉద్యోగం మానేసింది. అప్పటినుంచి ఖర్చుల గురించి మాట్లాడుకోని భోజనం ఆ ఇంట్లో లేదు. జిమ్ మానేశారు, సినిమాల యాప్‌లు ఒక్కొక్కటే తీసేశారు, బయట తినడం మానేశారు. ఎంత మిగిలిందో తెలియదు గానీ, మాట్లాడుకునే ఓపిక మాత్రం ఇద్దరికీ మిగల్లేదు.

అమెరికాలో వాళ్ళుంటున్న ట్రాయ్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ప్రకటన పెట్టే పని అవని తీసుకుంది. కొత్తగా రాసే ఓపిక లేక, ఇండియా వెళ్ళిపోయిన ఒక స్నేహితురాలి పాత మెసేజ్‌ను కాపీ చేసింది. అందులో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ తీసేసి మంచం, కారు పెట్టింది. ధరలు మార్చింది. అడుగున ఉన్న ఆఖరి లైను మాత్రం చూసుకోలేదు. ఉద్యోగం పోవడం వల్ల ఇండియాకి తిరిగి వెళ్ళిపోతున్నాం, ఈ ఊరు మాకు ఎంతో ఇచ్చింది, అందరికీ సెలవు అన్నది ఆ లైను. ఫోన్‌లో అది 'రీడ్ మోర్' నొక్కితే గానీ కనిపించదు. అవని నొక్కలేదు. గ్రూప్‌లో మిగతా అందరూ నొక్కారు.

గంట తిరక్కముందే హర్షిత్, సాన్వి అనే కొత్త దంపతులు వచ్చారు. బేరం ఎలా ఆడాలో, ఎక్కడ ఆగాలో కౌస్తుభ్ పొద్దుటినుంచి మనసులో అనుకుంటూనే ఉన్నాడు. వాళ్ళు బేరమే ఆడలేదు. మంచం కింద చూడలేదు, కారు బానెట్ ఎత్తలేదు. చెప్పిన ధరకే రెండూ తీసుకున్నారు. వెళ్ళేముందు సాన్వి అవనిని గట్టిగా కావిలించుకుని, దేవుడున్నాడక్కా అంది. వాళ్ళు వెళ్ళాక మంచానికి దేవుడెందుకని అవని అడిగింది. కొత్తగా పెళ్ళయింది కదా, మంచం అంటే అలాగే ఉంటుందిలే అన్నాడు కౌస్తుభ్.

మధ్యాహ్నం ఆంజనేయప్రసాద్ గారు పులిహోర గిన్నెతో వచ్చారు. ముప్పై ఏళ్ళనుంచి అక్కడే ఉంటున్న పెద్దమనిషి. కార్ల కంపెనీలో పని చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఎవరికి ఏ కష్టం వచ్చినా పిలవకుండానే వస్తారు. అవని పడుకుని ఉండటంతో కౌస్తుభ్ ఒక్కడే ఆయన్ని కూర్చోబెట్టాడు. ఆయన గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టారు.

"ఇంకా ఎంత టైం ఉంది బాబూ?"

"ఏడెనిమిది వారాలు ఉందంకుల్."

"పర్లేదు, చాలా టైమే. సడన్‌గా చెప్పారా?"

"సడన్‌గానే అంకుల్. మేం అసలు ప్లాన్ చేసుకోలేదు."

"ఎవరు మాత్రం ప్లాన్ చేసుకుంటారు? మా వాడికీ పోయినేడు ఇలాగే వచ్చిపడింది. మూడు నెలలు నిద్ర లేదు."

"ఇప్పుడెలా ఉందంకుల్?"

"ఇప్పుడు అలవాటైపోయింది. కోడలు ఆఫీస్‌కి వెళ్తుంది. వాడు ఇంట్లో ఉండి వంటా అదీ చూసుకుంటున్నాడు."

కౌస్తుభ్‌కు అది ముచ్చటగా అనిపించింది. తనకూ అలా కుదిరితే ఎంత బాగుంటుందో అన్నాడు, మనస్ఫూర్తిగా.  ఆంజనేయప్రసాద్ గారు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"అంత మాట అనకు బాబూ. నీ రెజ్యూమె ఒకటి నాకు పంపు. మా మేనల్లుడికి చూపించాలి."

మేనల్లుడు చదువు పూర్తిచేసి ఉద్యోగాలు వెతుక్కుంటున్నాడేమో, నమూనా కోసం అడుగుతున్నారనుకున్నాడు కౌస్తుభ్. వీసా మీద బతికేవాడి ఫోన్‌లో రెజ్యూమె ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. అక్కడే కూర్చుని పంపేశాడు. వాకిలి దాటకముందే ఆయన దాన్ని ఎన్నో చోట్లకు పంపారని అతనికి తెలియదు.

ఆదివారం ఇంటికి జనం వరుస కట్టారు. ఒకావిడ సాంబారు తెచ్చి, వెళ్తూ వెళ్తూ ఇంకా పెట్టె కూడా విప్పని క్రిబ్ ధర ఎంతని అడిగింది. దాన్ని అమ్మడం లేదంటే కళ్ళు తుడుచుకుంది. ఇంకొకాయన వంటింట్లోకి వెళ్ళి గ్రైండర్ చూసి, ఇండియాలో కరెంటు వేరు, ఇది అక్కడ పనిచేయదు కదమ్మా అన్నాడు. అప్పటిగ్గానీ అవనికి అనుమానం రాలేదు. ఆయన వెళ్ళగానే ఫోన్ తీసి, తను పెట్టిన మెసేజ్‌ను మొదటిసారి ఆఖరిదాకా చదివింది. చదివి, ఫోన్ కౌస్తుభ్ చేతిలో పెట్టి, సోఫాలో కూర్చుండిపోయింది. అతనికి తిట్టే శక్తి కూడా లేదు. నిన్నటినుంచి నవ్వుతూ తలుపు తీసి తీసి దవడలు నొప్పి పుడుతున్నాయి.

ఆ మెసేజ్‌ను తీసేయడమే మంచిదనుకున్నారు. తీసేశారు. వాళ్ళు బాధలో ఉన్నారు, దయచేసి ఎవరూ ఏమీ అడగొద్దు అని వెంటనే ఎవరో గ్రూప్‌లో రాశారు. దాంతో అప్పటిదాకా ఊరుకున్నవాళ్ళు కూడా విడిగా అడగడం మొదలుపెట్టారు. ఇక లాభం లేదని అవని, తాము ఎక్కడికీ వెళ్ళడం లేదనీ, కౌస్తుభ్ ఉద్యోగం చక్కగా ఉందనీ, అది పొరపాటున పడిన లైననీ వివరంగా రాసింది. దానికి జవాబుగా దణ్ణం పెట్టే బొమ్మలు వరసగా వచ్చాయి. ఈ ధైర్యమే కావాలమ్మా అని ఒకరు రాశారు. సాయంత్రానికి ఊళ్ళో ఆడవాళ్ళు వంతులు వేసుకుని వీళ్ళకు భోజనం పంపే ఏర్పాటు చేశారు. ఫ్రీజర్ తలుపు మూసుకోలేదు.

"ఈ వారం గ్రాసరీకి వెళ్ళక్కర్లేదు" అంది అవని, నీరసంగా. నెల రోజులుగా వేసిన పొదుపు ప్లాన్‌లలో ఫలించింది అదొక్కటే.

సోమవారం కౌస్తుభ్ ఆఫీస్‌కి వెళ్ళేసరికి అతని టేబుల్ మీద టీమ్ అంతా సంతకాలు చేసిన వీడ్కోలు కార్డు ఉంది. అదే టీమ్‌లో ఉన్న రిషితకు గ్రూప్‌లో వార్త తెలిసిందట. కార్డు తనే కొని తెచ్చింది. ఆమెకు విషయం వివరించబోతుండగానే మేనేజర్ మెలిస్సా అతన్ని గదిలోకి పిలిచింది. అతను కూర్చోకముందే అంతా ఒక పొరపాటనీ, తను ఎక్కడికీ వెళ్ళడం లేదనీ గడగడా చెప్పేశాడు. బిడ్డ సంగతి, క్రిబ్ సంగతి, కాపీ చేసిన మెసేజ్ సంగతి ఏదీ వదల్లేదు. ఆమె కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. మొహం పాలిపోయింది.

అయితే నీకు నిజంగా తెలియదా అని అడిగింది. టీమ్‌లో ఇద్దరిని తీసేయాలని శుక్రవారం సాయంత్రమే నిర్ణయమైందట. అందులో అతని పేరుంది. ఈ మాట ఎలా చెప్పాలా అని రెండు రోజులుగా మథనపడుతుంటే, అతనే వెళ్ళిపోతున్నాడని రిషిత ద్వారా తెలిసి ప్రాణం కుదుటపడిందట. పై అధికారులకు తప్ప ఎవరికీ తెలియని రహస్యం ట్రాయ్ తెలుగువాళ్ళకు శనివారానికల్లా ఎలా తెలిసిందా అని మాత్రం ఆమెకు అంతుపట్టలేదట.

కౌస్తుభ్ కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా పోతుంది. సరిగ్గా అప్పటికే బిడ్డ పుడుతుంది. ఆసుపత్రి ఇన్సూరెన్స్ కూడా ఈ ఉద్యోగంతోటే ఉంది. అవనికి ఫోన్ చేసి చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. 

"ఇంటికొచ్చెయ్. తినడానికైతే బోలెడుంది" అంది.

ఆ సాయంత్రమే ఆంజనేయప్రసాద్ గారి మేనల్లుడు ఫోన్ చేశాడు. అతను విద్యార్థి కాదు, పక్క ఊరి కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. మామయ్య పంపిన రెజ్యూమె శనివారమే చదివాడట. ఒక ఖాళీ ఉంది, గురువారం ఇంటర్వ్యూకి రాగలవా అని అడిగాడు. ఆ వారంలోనే కౌస్తుభ్‌తోపాటు ఉద్యోగం పోయిన రెండో మనిషి రెజ్యూమె కూడా అక్కడికి చేరింది గానీ, అప్పటికే ఆ ఉద్యోగం కౌస్తుభ్‌కు ఖాయమైంది. జీతం కాస్త తక్కువే. అయినా ఇన్సూరెన్స్ మొదటి రోజునుంచే ఉంది. అవని ఆ ఆఫర్ లెటర్‌ను ఆఖరి లైను దాకా రెండుసార్లు చదివాకే సంతకం పెట్టనిచ్చింది.

అంతా కుదిరాక కౌస్తుభ్‌కు మనసు ఊరుకోలేదు. ఆంజనేయప్రసాద్ గారింటికి వెళ్ళి, కృతజ్ఞతలు చెప్పి, జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన కాఫీ కలుపుతూ శ్రద్ధగా విన్నారు.

"అంటే అంకుల్, మీరు పులిహోర తెచ్చిన రోజు నాకు ఉద్యోగం పోలేదు."

"శుక్రవారమే పోయిందని మీ మేనేజరే చెప్పిందన్నావుగా."

"కానీ నాకు తెలియదు కదంకుల్."

"మాకు తెలుసు కదా బాబూ."

తన ఉద్యోగం పోయిన సంగతి ట్రాయ్‌లో అందరికన్నా ఆఖరున తెలిసింది తనకేనని కౌస్తుభ్ ఒప్పుకుని, కాఫీ తాగి ఇంటికి వచ్చేశాడు.