సొంతింట్లో చుట్టం

ఆదివారం పొద్దున సత్తమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. తన ఇంట్లో తాను చుట్టంలా ఉండాలి. మధ్యాహ్నం భోజనాల దాకా ఉంటే చాలు. ఆ తర్వాత మంచిర్యాల వెళ్లి, ఏం జరిగిందో క్లాసులో చెప్పాలి.

పిల్లలు పెద్దవాళ్లై హాస్టళ్లకు పోయాక, నలభై దాటిన వయసులో డిగ్రీలో చేరింది సత్తమ్మ. ఆదివారాల క్లాసులు. అన్నిట్లోకీ ఆమెకు నచ్చింది సోషియాలజీ. పోయిన వారం దేవదాస్ సార్ చెప్పిన పాఠం మరీ నచ్చింది. "ప్రతి ఇంటికి కొన్ని కట్టుబాట్లుంటయమ్మా. ఎవ్వరు నోటితోని చెప్పరు, అందరు పాటిస్తరు. అవి కనబడాలంటే ఒక్కపూట తప్పి చూడాలె. సొంతింట్ల సుట్టం లెక్క ఉండి చూడున్రి. ముందుగాల ఎవ్వరికీ చెప్పొద్దు" అన్నాడాయన.

అందుకని స్నానం చేసి, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని, చేతిసంచి తగిలించుకుని, వెనక తలుపులోంచి బయటికి పోయి, చుట్టూ తిరిగి వచ్చి, నస్పూర్ కాలనీలోని తన క్వార్టర్ ముందు తలుపు తానే తట్టింది. బొగ్గుబాయిలో ఫిట్టర్‌గా చేసే ఆమె భర్త పర్శరాములు కళ్లు నులుముకుంటూ తలుపు తీశాడు.

"నమస్తే అండి. లోపటికి రావచ్చునా?"

పర్శరాములు ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు.

"గిదేందే పొద్దుగాల్నే? చాయ్ పెట్టలేదా?"

సత్తమ్మ కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది. "మీరు శ్రమ తీసుకోకున్రి. ఇంట్ల అందరు మంచిగున్నరా?"

పెళ్లయిన నాటి నుంచీ "ఏమయ్యా" తప్ప వినని మనిషి ఆ "మీరు"కు హడలిపోయాడు. పెళ్లిరోజేమైనా మరిచిపోయాడా? కాదు, అది ఎండాకాలం. మరి? అతని గొంతు దానంతటదే తగ్గింది.

"మొన్నటి దావత్ సంగతి నీకెవలు చెప్పిన్రు?"

దావత్ సంగతి సత్తమ్మకు ఆ క్షణంలోనే తెలిసింది. అయినా చుట్టం కదా, చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూసి పర్శరాములు ఇంకా బెదిరాడు. "నీ తోడు, జర్రంతనే తాగిన" అంటూ వంటింట్లోకి పోయాడు. కాసేపటికి లోపలి నుంచి కేక వినబడింది.

"చక్కెర ఏడున్నదే?"

"మీ ఇంట్ల సామాను నాకెట్ల తెలుస్తదండి?"

చక్కెర అనుకుని ఉప్పు వేసిన చాయ్ వచ్చింది. "శాన మంచిగుంది" అంటూ సత్తమ్మ గ్లాసు ఖాళీ చేసింది. చదువు కోసం ఆమె అప్పటిదాకా పడ్డ కష్టాల్లో అదే పెద్దది.

ఇంతలో అత్త లింగవ్వ పెరట్లోంచి వచ్చింది. "గట్ల కూసున్నవేందే? పొయ్యి ముట్టియ్యవా?"

"అయ్యో, మీ వంటింట్లకు నేనెట్ల వస్తనండి?"

లింగవ్వ కోడలిని తేరిపార చూసి, మెల్లగా వాకిట్లోకి జరిగి, మంచిర్యాలలో ఉన్న సత్తమ్మ అన్న హనుమంతుకు ఫోన్ చేసింది. "బిడ్డా, నీ చెల్లె మంచి చీర గట్టి, సంచి సంకకేసుకొని కూసున్నది. మమ్ములనే తెల్వనట్టు మాట్లాడుతున్నది. జల్ది రా!"

హనుమంతుకు ప్రతి మాటా స్పష్టంగానే వినబడింది. అర్థమైంది మాత్రం వేరే. చెల్లెలు సంచి సర్దుకుని కాపురం వదిలేసి వస్తోంది! భార్యను, కులపెద్దలిద్దరిని ఆటోలో ఎక్కించుకుని బయల్దేరాడు.

వాళ్లు దిగేసరికి పర్శరాములు వాకిట్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"సూసిన్రా? తప్పు జేసిండు గనుకనే ఏడుస్తుండు" అన్నాడు ఒక పెద్దమనిషి.

"బావా, మా చెల్లెనేం జేసినవ్?" అని హనుమంతు గద్దించాడు.

"నేనేం జేసిన? గామెనే అడుగు!"

హనుమంతు చెల్లెలి ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఏమైందే? నేనున్న, ఫికర్ జెయ్యకు. చెప్పు."

భోజనాల దాకా అన్నాడు సార్. అన్నం ఇంకా ఉడకనే లేదు. "గింత దూరం ఎందుకొచ్చిన్రండి? మీకు శ్రమ" అంది సత్తమ్మ. నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపనుకుని వదిన ఆమెను కావలించుకుని తాను బోరుమంది. ఆ ఏడుపు విని పక్క క్వార్టర్ల వాళ్లు గోడల మీదికి తలలెత్తారు.

పర్శరాములు చేతిలోని ఉల్లిగడ్డను నేలకేసి కొట్టాడు. "గీ లొల్లంత గా చదువుతోనే వచ్చింది! ఇయ్యాల్టి సంది కాలేజీ బంద్!"

సత్తమ్మ ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచింది.

"ఆగయ్యా! నాకేం కాలే. గిది మా సోషియాలజీ పాఠం. ఇంటోళ్లే సుట్టం లెక్క ఉంటే ఏమైతదో సూసి రమ్మన్నడు మా సార్."

వదిన ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది.

"అంటే... నువ్వెటు పోతలేవా?" అన్నాడు పర్శరాములు.

"నేనెటు పోత? నా ఇల్లే గద."

అతను అక్కడే గడప మీద కూలబడ్డాడు. "పొద్దుగాల్నించి పానం పోయి పానం వచ్చిందే" అన్నాడు. అతను ఊపిరి వదిలిన చప్పుడు గోడల మీది పక్కింటివాళ్లకు కూడా వినబడింది.

అందరికంటే ముందు నవ్వింది లింగవ్వ. "నీకు గాలి సోకిందనుకొని నిమ్మకాయలు తెప్పిచ్చిన గదనే!"

"ఉండనీ అత్తా, పప్పుల పిండుదాం."

పంచాయితీకి వచ్చినవాళ్లు భోజనాలకు కూర్చున్నారు. వండింది, వడ్డించింది పర్శరాములే. అన్నం అడుగంటింది, పప్పులో కారం ఎక్కువైంది. పెద్దమనుషులు కళ్లు తుడుచుకుంటూ తిన్నారు. సత్తమ్మ అలవాటుగా లేవబోతే లింగవ్వ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది. "కూసో. అన్నం తినేదాక గద నీ పాఠం."

క్లాసుకు ఆలస్యమవుతుంటే పర్శరాములే బండి తీశాడు. కాలేజీ గేటు ముందు ఆమెను దింపి, వెళ్లకుండా కాసేపు తచ్చాడాడు.

"చదువుకో గని, ఒక మాట. వచ్చే వారం ఏం పాఠం?"

"సామాజిక సంఘర్షణ."

"అంటే?"

"కొట్లాటలు."

పర్శరాములు బండి తిప్పి, తిన్నగా బాయి ఆఫీసుకు పోయి, వచ్చే ఆదివారం తనకు డ్యూటీ వేయించుకున్నాడు.