బండికి పసుపు దంచిన రోజు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో నాకు జాలి కలిగింది ఒక్క బండి మీదే. అది పదిహేడేళ్ల పాతది, నూరు సీసీది, నోరులేనిది. మిగతావాళ్లందరికీ నోళ్లున్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ పొద్దున సంధ్యారాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇంజన్ అడుగున ఆయిల్ దించే బోల్టు దగ్గర రోజుకు నాలుగు చుక్కలు కారుతున్నాయి. బోల్టు కింద వాషర్ అరిగిపోయింది, అంతే. కొత్త వాషర్ నిన్ననే తెచ్చి పెట్టుకుంది. పావుగంట పని. ఆ తర్వాత అదే బండి మీద పదకొండింటికల్లా పెర్కిట్‌లోని రాజేశ్వర్ ట్రాక్టర్ల సర్వీస్ సెంటర్‌కు చేరాలి. చేలల్లో ఆగిపోయిన ట్రాక్టర్ల దగ్గరికి వెళ్లి బాగుచేసి వచ్చే ఉద్యోగం. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తయిన రెండేళ్లకు వచ్చిన మొదటి పిలుపు. రాజేశ్వర్ ఫోన్‌లో తేల్చి చెప్పాడు: "సొంత బండి ఉండాలె. పదకొండుకు రాకపోతే నిజామాబాద్ పిలగాడు లైన్ల ఉన్నడు."

ఆమె స్నానం చేసి వచ్చేసరికి తండ్రి నరహరి బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పానా, పానాకు తొడిగిన మూడడుగుల ఇనుప పైపు. నరహరి పదకొండేళ్లు మస్కట్‌లో ఉండి వచ్చాడు. అక్కడ ఏం పని చేశాడో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. కానీ ఇక్కడ ఏది చెడిపోయినా, అక్కడ అంతకన్నా పెద్దది బాగుచేసి ఉంటాడు.

"బాపూ, దాన్ని బిగియ్యకు. వాషర్ మార్చాలె."

"నువ్వు సదువుకున్నదానివి, నీకు తెల్వది. కారుతుందంటే లూజున్నట్టు. లూజుంటే బిగియ్యాలె."

"గా ఇంజన్ అల్యూమినియం. త్రెడ్ పోతది."

"మస్కట్‌ల గింతంత బోల్టులు బిగించిన," అని నరహరి మోచేతిదాకా కొలిచి చూపించాడు. ఆపైన పైపు మీద ఒళ్లంతా మోపాడు.

టిక్కుమని చిన్న చప్పుడు. లోపలి మరలు మొత్తం చెరిగిపోయాయి. రోజుకు నాలుగు చుక్కలు కారేది కాస్తా ఆగకుండా ధారకట్టింది. నరహరి ఆ ధారను కాసేపు డాక్టరు చూసినట్టు చూశాడు.

"చూసినవా? లోపట మస్తు ఖరాబున్నది. నేను బిగించవట్టి బయటవడ్డది."

సంధ్య ధార కింద ప్లాస్టిక్ టబ్బు తోసి, గడియారం చూసుకుంది. ఎనిమిదే. కొంచెం లావు బోల్టు తెచ్చి కొత్త మరలు పడేట్టు ఎక్కిస్తే ఇప్పటికీ మించిపోయింది లేదు. చెప్పులు వేసుకుంటుంటే నరహరికి ఇంకో ఆలోచన వచ్చింది.

"పోయినేడు కమ్మర్‌పల్లి తొవ్వల మన ట్రాక్టర్ రేడియేటర్ కారితే ఏం జేసినం? పిడికెడు పసుపు ఏసినం. బంద్ కాలేదా?"

"గది రేడియేటర్ బాపూ. పసుపు నీళ్లల్ల ఉబ్బి బొక్కకు అడ్డం పడతది. ఇంజన్ల నీళ్లు యాడుంటయి?"

నరహరి బుద్ధిగా తలూపాడు. అర్థమైందనుకుని ఆమె బజారుకు నడిచింది. అదే ఆమె చేసిన తప్పు. ఆ తలలోకి వెళ్లింది ఒక్కటే: పసుపు మంచిదే, నీళ్లే తక్కువయ్యాయి.

ఆర్మూర్‌లో ఏ ఇంట్లో చూసినా పసుపు కొమ్ముల బస్తాలే. పొడి మాత్రం పోపు డబ్బాలో రెండు చెంచాలకు మించి ఉండదు. పిండి మర, అదే గిర్ని, పదింటికి గాని తెరవరు. అందుకని నరహరి తన తల్లి లసుమవ్వకు రోలూ రోకలీ అప్పజెప్పాడు. వాకిట్లో దంచుడు మొదలైంది.

పొద్దున్నే వాకిట్లో పసుపు దంచుతున్నారంటే ఈ వైపు ఒకటే అర్థం: ఆ ఇంట్లో పెళ్లి పనులు మొదలయ్యాయి. ఎదురింటి నర్సవ్వ నోట్లో బ్రష్షుతోనే గేటు దగ్గరికి వచ్చేసింది.

"ఏందత్తా, పసుపు దంచుతున్నవు. ఎవలకు?"

"మా సంధ్య కొరకేనే. ఇయ్యాల పదకొండుకు టైం పెట్టిండ్రు."

"గట్లనా. యాడోళ్లు?"

"పెర్కిటోళ్లు. ట్రాక్టర్ల దందా."

"మాకు ఒక్క ముక్క చెప్పకపోతిరి."

"కుదిరినంక చెప్దామని ఊకున్నం. నడుమల ఎవలన్న అడ్డం పడతరని."

ఆ 'ఎవలన్న' తానేనని నర్సవ్వకు అర్థమైంది. అయినా పెద్దమనసు చేసుకుని, మహిళా సంఘం వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. పసుపు దంచడానికి ఐదుగురు చెయ్యి వెయ్యాలి కాబట్టి నలుగురిని వెంటేసుకుని వచ్చింది. ఇంతమంది ఎందుకొచ్చారని లసుమవ్వ అడగలేదు. రెక్కలు నొప్పిగా ఉన్నాయి, రోకలి ఇచ్చేసింది.

మూడు దుకాణాలు తిరిగి బోల్టూ, కొత్త ఆయిలూ పట్టుకుని సంధ్య వచ్చేసరికి తొమ్మిదిన్నర. వాకిట్లో ఆడవాళ్లు పాట పాడుతూ దంచుతున్నారు. నరహరి ఇంజన్‌లో పావుకిలో పసుపు, దాని మీద రెండు గ్లాసుల నీళ్లు పోసి చెమటలు కారేలా కిక్కు కొడుతున్నాడు. పైన మూత దగ్గర పచ్చటి నురగ పొంగుతోంది. కింద టబ్బులోకి గంజిలాంటిది జారుతోంది.

"బాపూ, ఏం జేసినవ్?"

"నీళ్లు లెవ్వని నువ్వే అంటివి గదా."

ఆమె తల వంచి టబ్బులోకి చూసింది. సిగ్గుపడుతోందనుకుని నర్సవ్వ ఆమె రెండు చెంపలకూ పసుపు రాసింది.

సంధ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో పొద్దున్నే చూసింది. నేరుగా బండి కిందికి దూరింది. ఉన్నదంతా టబ్బులోకి దించింది. డీజిల్ పోసి కడిగింది, నీళ్లూ పసుపూ పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగింది. పైన పాట నడుస్తూనే ఉంది.

"పిలగాడు ఏం సదివిండు సంధ్యా?" అని నర్సవ్వ వంగి అడిగింది.

"అక్కా, జర గా డీజిల్ డబ్బా ఇటియ్యి."

"సూడుండ్రి, ఎంత అణకువనో," అని నర్సవ్వ మురిసిపోయి డబ్బా అందించింది.

లావు బోల్టు ఎక్కించి, కొత్త ఆయిలు పోశాక, పది నలభైకి బండి మొదటి కిక్కుకే అందుకుంది. కింద ఒక్క చుక్క లేదు. ముఖం కడుక్కునే టైము కూడా లేక సంధ్య హ్యాండిల్ పట్టుకోబోతుంటే గేటు ముందు ఒక పికప్ వ్యాన్ వచ్చి ఆగింది. దిగినవాడు రాజేశ్వర్. సర్వీస్ సెంటర్ ఓనర్ తానే వెతుక్కుంటూ వచ్చాడు, అదీ కోపంగా.

నర్సవ్వ వాయిస్ మెసేజ్ గ్రూపులు మారి పెర్కిట్ చేరేసరికి కొంచెం పెరిగింది. ట్రాక్టర్ల రాజేశ్వర్ ఇంటికి ఆర్మూర్ పిల్ల, ముహూర్తం పదకొండుకు. అది విన్నవాళ్లలో రాజేశ్వర్ భార్య జ్యోతిలక్ష్మి కూడా ఉంది.

"ఎవలిది గీ పెండ్లి?" అన్నాడు రాజేశ్వర్ వాకిట్లో నిలబడి. "మా కొడుకు తొమ్మిదో తరగతి. ఇగ ఇంట్ల మొగోడంటే నేనే మిగిలిన. మా ఆమె తలుపేసుకొని కూసున్నది."

పాట ఆగిపోయింది. అందరూ నర్సవ్వను చూశారు. నర్సవ్వ లసుమవ్వను చూసింది.

"నేను పెండ్లని అన్ననానే?" అంది లసుమవ్వ. "నౌకరికి పోతుంది పిల్ల."

రాజేశ్వర్ చెంపలకు పసుపూ, మోచేతులదాకా మడ్డీ ఉన్న అమ్మాయిని చూశాడు. నడుస్తున్న బండిని చూశాడు. తర్వాత టబ్బు చూశాడు. వంగి అందులో వేలు ముంచి, వాసన చూసి, తల ఎత్తాడు.

"గిది ఎవలు చేసిండ్రు?"

నరహరి అప్పటిదాకా ఇంజన్ చప్పుడే వింటున్నాడు. బండి హాయిగా నడుస్తోంది. ఎదురుగా ట్రాక్టర్ల ఓనర్. చుట్టూ వాడకట్టు ఆడవాళ్లు. ఇలాంటి అదను జన్మకొక్కసారి వస్తుంది. గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

"నేనే సార్. పొద్దుగాల నుంచి నేనొక్కన్నే చేసిన. పిల్లను చెయ్యి గూడ పెట్టనియ్యలే."

"పసుపు?"

"నేనే."

"నీళ్లు?"

"గవి గూడ నా ఆలోచననే."

"గీ బోల్టు త్రెడ్?"

"పైపు వెట్టి బిగించిన సార్. మామూలు బలం సరిపోదు."

రాజేశ్వర్ తన సర్వీసులో ఇంత శుభ్రంగా నేరం ఒప్పుకున్న మనిషిని చూడలేదు. సంధ్య వైపు తిరిగాడు.

"గిన్ని జేసినంక గూడ బండి నడుస్తుందా?"

"నడుస్తుంది సార్. దాని మీదనే పదకొండుకు మీ దగ్గరికి వద్దామనుకున్న."

ఆయన ఇంజన్ కింద వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది.

"నిజామాబాద్ పిలగానికి ట్రాక్టర్లు తెలుసు," అన్నాడు లేస్తూ. "కాని నా దగ్గరికొచ్చే ట్రాక్టర్లన్ని గిసొంటి బాపులు చెయ్యి పెట్టినంకనే వస్తయి. నువ్వు రేపటి నుంచి రా. ఇప్పుడు మాత్రం జర ముఖం కడుక్కొని మా ఇంటిదాకా నడువు. మా ఆమెకు నువ్వే చెప్పాలె."

ఆ సాయంత్రానికే నరహరి వాడకట్టంతా చెప్పేశాడు, తాను పసుపు పోయకపోతే బిడ్డకు ఉద్యోగమే వచ్చేది కాదని. బాధేమిటంటే, అది నిజమే. మీ ఇంట్లోనూ ఇట్లా బాగుచేసేవాళ్లుంటే ఆ సంగతంతా నాకు రాయండి. పంపేముందు వాళ్లకు మాత్రం చూపించకండి, సరిచేస్తారు.