సీసా కడిగితే ఏరు శుభ్రం

ఏరు బాగుపడాలంటే ఏటి జోలికి పోనక్కర్లేదు. సీసాను కడిగితే చాలు!

నమ్మరా? నమ్మకపోతే మీ ఖర్మ. గోదావరిలో కలిసే వాగులన్నిటినీ శుద్ధి చేయాలని, అందుకు యంత్రాలు కావాలని, రంగుల షెడ్ల వాళ్లను మందలించాలని గోల చేసే మేధావులందరూ ఒక్కసారి సిరిసిల్ల వెళ్లి పోచవ్వ కాళ్లకు మొక్కాలి. ఎందుకంటారా? చెబుతాను, వినండి.

పోచవ్వది మరమగ్గాల ఇల్లు. ఇంటి వెనకాలే మానేరులో కలిసే వాగు. పైన రంగులద్దే షెడ్లున్నాయి కాబట్టి ఆ వాగు ఒకరోజు ఎర్రగా, ఇంకోరోజు పచ్చగా పారుతుంది. ఎంత సౌలభ్యం! తెల్లచీర నానబెడితే రంగుచీర చేతికొస్తుంది. ఇంతటి భాగ్యం హైదరాబాదు వాళ్లకుందా?

అవే నీళ్లు బోరులోకి కూడా దిగాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు కళ్యాణి తన పసిపిల్లకు ఆ బోరునీళ్లు పోసింది. పిల్లకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అప్పటినుంచి వాడకట్టుకు వచ్చే ట్యాంకరు నీళ్లతోనే పిల్లకు స్నానం.

ఇలా ఉండగా జగిత్యాలలో అధికారులు మీటింగు పెట్టారు. పరీవాహక ప్రాంత జలనాణ్యత అంచనా మరియు నిర్వహణ అని దాని పేరు. ఆ పేరు చదివి ముగించేసరికి అందరి చాయ్ చల్లారిపోయిందట. ఏ వాగు నీళ్లు అన్నిటికంటే చెడ్డవని తేలితే ఆ ఒడ్డున ముందుగా శుద్ధి కేంద్రం కడతామన్నారు. పోచవ్వ వాడకట్టు సంబరపడింది. చెడిపోవడంలో తమ వాగును మించింది లేదని వాళ్ల ధీమా.

శాంపిల్ తీయడానికి జలపతి అనే సారు వచ్చాడు. రూలు ప్రకారం ఆయన వాగు మధ్యకు దిగి, సీసాను ఆ నీళ్లతోనే కడిగి నింపాలి. ఆయన వాగును చూశాడు. తన కొత్త బూట్లను చూసుకున్నాడు. పోచవ్వ గడప దగ్గరికి వచ్చి సీసా ఆమె చేతికిచ్చాడు.

"అమ్మా, జర గీ సీస నింపియ్యి. జగిత్యాలల పెద్దసార్లు జూస్తరు."

శత్రువైనా సరే, గడప తొక్కితే ముందు చెంబుడు మంచినీళ్లు అందించడం ఆ ఇంటి మర్యాద. అలాంటిది పెద్దసార్ల ముందుకు పోయే సీసాలో ఆ రంగునీళ్లు పోయడమా? పోచవ్వ సీసాను చింతపండు పెట్టి తోమింది. ట్యాంకరు నీళ్లు కాచి, చల్లార్చి, తెల్లబట్టలో వడగట్టి నింపింది. అంతటితో తృప్తిపడక రెండు తులసాకులు కూడా వేసింది.

ఒక్క పోచవ్వనే అంటే పాపం తగులుతుంది. కోరుట్ల దగ్గర వాగు ఒడ్డునున్న అనంత్ రావు గారి తాతలనాటి బావికీ ఒక సీసా వచ్చింది. "మా బాయి నీళ్లు ఖరాబని కాయితం మీద రాయిపిచ్చుకుంటమా?" అని ఆయన ఫ్రిజ్జులోని ఫిల్టర్ నీళ్లు పోసిచ్చాడు. గోదావరి ఒడ్డున ఒక అయ్యగారు ఏకంగా తీర్థమే పోశారు. ల్యాబులో అందరూ దాన్ని కళ్లకద్దుకుని తాగేశారని, పరీక్షకు చుక్క మిగల్లేదని వినికిడి.

ఫలితాలొచ్చాయి. శుభ్రతలో మొదటి ర్యాంకు సిరిసిల్ల వాగుది! ఆ నీళ్లు నేరుగా తాగదగినవి, పైగా ఔషధ గుణాలు కలవని రాశారు. చూశారా? ఒక్క షెడ్డు మూయలేదు. ఒక్క యజమాని మనసు నొప్పించలేదు. ఎన్ని కమిటీలు వేసినా కాని పనిని పోచవ్వ ఒక్క పూటలో చేసేసింది. నిర్వహణ అంటే ఇది కాక ఇంకేమిటి?

కళ్యాణికి మాత్రం ఈ ఘనత అర్థం కాలేదు. తల్లి మీద విరుచుకుపడింది.

"ఎంత పని జేసినవే అవ్వా. వాగు నీళ్లే నింపాల్నని నీకు ఎర్క లేదా?"

"ఎర్కనే బిడ్డా. గని చేతులు రాలే," అంది పోచవ్వ.

కళ్యాణి ఊరుకునే మనిషి కాదు. తానే వాగులో దిగి సీసా నింపుకుని, బస్సెక్కి జగిత్యాల వెళ్లింది. అక్కడ జలపతి సారు చాలా నిష్ఠగా మాట్లాడాడు. "ఇండ్లోళ్లు నింపిన శాంపిల్ మేం తీస్కోమమ్మా. రూలు ఒప్పుకోదు." రూలంటే రూలే. నాకైతే ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

శుద్ధి కేంద్రం రద్దయింది. వాగులో ఔషధమే పారుతుంటే ట్యాంకరు మాత్రం దేనికి? అదీ ఆగిపోయింది. తాగడానికి పక్క వాడ నుంచి బిందెలు మోసుకొస్తున్నారు. పిల్ల స్నానానికి మళ్లీ బోరే దిక్కు. దద్దుర్లు కాస్తా పుండ్లయ్యాయి.

అసలు పండగ ఆ తర్వాత జరిగింది. మొదటి ర్యాంకుకు సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో దిగడానికి జలపతి సారు మళ్లీ వచ్చాడు. ఎండకు నోరెండిపోయి అరుగు మీద కూలబడ్డాడు.

"అమ్మా, జరన్ని మంచినీళ్లియ్యి."

మోసుకొచ్చిన బిందె అప్పటికే అడుగంటింది. పోచవ్వ లోపలికి వెళ్లి చాలాసేపటికి బోరునీళ్ల చెంబుతో వచ్చింది. ఆ రోజు నీళ్లు గులాబీరంగులో ఉన్నాయి.

"ఇంటికచ్చినోళ్లకు గిసోంటి నీళ్లు ఎన్నడియ్యలే సారూ," అని తల దించుకుంది.

జలపతి చెంబులోకి చూసి దాన్ని మెల్లగా పక్కన పెట్టాడు. సంచిలోంచి తన నీళ్ల సీసా తీసి గటగటా సగం తాగాడు. లోపల పసిపిల్ల ఒళ్లు మంటకు ఏడుస్తోంది.

ఇంతసేపూ ఎగతాళి చేసిన నాకు ఇక్కడ నవ్వు రావడం లేదు. ఊరందరికీ నీళ్లిచ్చిందే గానీ పోచవ్వ ఎన్నడూ ఒకరిని నీళ్లడిగిన మనిషి కాదు. కొంగు సవరించుకుని, గడపకొచ్చిన ఆయన ముందు చేయి చాపింది.

"సారూ, అండ్ల మిగిలినయి పోస్తరా? పొల్లకు ఒళ్లు తుడుస్త."