ఖరీదైన డబ్బాలో చవక బిట్టు

ఆఫీసులో అందరూ ఆయన్ని సుత్తి గారు అంటారు. ఆయన సరదా వడ్రంగం మొదలుపెట్టింది మొన్నమొన్న. ఆ పేరు మాత్రం పాతది. మాటల్లో మనిషి దొరికితే మేకు పూర్తిగా దిగేదాకా వదలడని పెట్టారు.

బీమా ఆఫీసులో ఉద్యోగం. కాలిందనీ విరిగిందనీ జనం తెచ్చే నష్టాల్లో నిజమెంతో తేల్చడం పని. "ఈ మచ్చ ముందు నుంచే ఉందా?" అని కళ్లద్దాల పైనుంచి చూశాడంటే ఎంతటివాళ్లయినా నీళ్లు నమలాల్సిందే. ఇంట్లో ఆ నమిలే పని ఆయనది.

భార్య దర్జీ. ఆవిడ తండ్రీ దర్జీయే. ఆయన జీవితమంతా గుడ్డలు కత్తిరించిన బల్లకి కాళ్లు చెదపట్టి పోగా, పై చెక్క ఒక్కటి ఆవిడ దగ్గర మిగిలింది. తండ్రి గుర్తుగా ఆవిడకున్నది ఆ చెక్కా, ఆయన కత్తెరా.

"ఆ చెక్కని నా మిషను పైన గోడకి షెల్ఫులా బిగించండి. దారపు రీళ్లు పెట్టుకుంటాను," అందావిడ ఒకరోజు.

బిగించి ఊరుకుంటే గొడవే లేకపోను. అంచులకి అందంగా వంపు తిప్పుతానన్నాడాయన.

"దానికి రౌటర్ కావాలి."

"ఇంట్లో ఉందిగా. నెట్ రానప్పుడల్లా మీరు నెత్తిన కొడుతుంటారు."

"అది వైఫై రౌటర్. ఇది చెక్క అంచులు చెక్కేది. కింద బిట్టని చిన్న కత్తి గిర్రున తిరుగుతూ కోస్తుంది."

"దీంతో నెట్ వస్తుందా?"

"రాదు."

"అయితే రెండూ ఒకటే."

రౌటర్‌ని ఆఫీసులో ఒకాయన అరువిచ్చాడు. సుత్తి గారు కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టేలోపే లిఫ్టు ఎక్కేశాడు. ఇక కావలసింది బిట్టు.

హార్డ్‌వేర్ షాపాయన రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి పెద్ద పెట్టె. మూత తీస్తే గ్రూప్ ఫొటోలో చుట్టాల్లా బారులు తీరి బోలెడన్ని బిట్లు. రెండోది అగ్గిపెట్టెంత డబ్బా. అందులో ఒకే ఒక్క బిట్టు, దాని ధర ఆ చుట్టాలందరి ధర కన్నా ఎక్కువ.

"ఏమిటండీ తేడా?"

"ఇది కోస్తుంది. అవీ కోస్తాయి, కాసేపు."

ఇంటికొచ్చి భార్యని అడిగాడు. "మా నాన్న పోయేదాకా ఒక్క కత్తెరే వాడారు. మంచిదొక్కటి కొనండి," అని కుట్టు డబ్బుల్లోంచి తీసి చేతిలో పెట్టిందావిడ.

షాపు చేరేసరికి ఆయన మనసు మారింది. చవక పెట్టె కొంటే డబ్బు మిగులుతుంది. రాత్రిళ్లు కుడుతుంటే కళ్లు లాగుతున్నాయంటోంది కదా, మిగిలినదానితో మిషను దగ్గరికి మంచి దీపం కొనొచ్చు. ఆలోచన మంచిదే. దాన్ని దాచడానికి వేసిన ఎత్తే కొంప ముంచింది.

"ఆ ఖరీదైనదాని ఖాళీ డబ్బా ఏమైనా ఉందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"డబ్బాతో చెక్క తెగదండీ," అన్నాడు షాపాయన. అయినా వెతికిచ్చాడు. చవక బిట్టొకటి అందులో పెట్టి, ఇంట్లో భార్యకి చూపించాడు.

ఆదివారం ఆవిడ ఎవరింటికో కొలతలు తీసుకోవడానికి బయల్దేరుతూ, దుప్పట్లో చుట్టిన చెక్కని వరండాలో పెట్టింది. "జాగ్రత్తగా, మా నాన్న చెక్క అనుకుని చేయండి," అంది. ఆయన అప్పటికే చెవుల్లో దూది కుక్కుకున్నాడు. "ఆ, ఆ" అన్నాడు. భార్య మాట సగం విని రెండుసార్లు ఆ అనడం ఆయనకి బాగా అలవాటైన పని.

మొదటి జానెడు వెన్నలా తెగింది. ఖరీదైనది కొనే వెర్రివాళ్లని తలుచుకుని నవ్వుకున్నాడు. రెండో జానెడు దగ్గర బిట్టు మొండికేసింది. సంగతేమిటా అని అక్కడే నొక్కి పట్టాడు. పొగ లేచింది. అంచు బొగ్గులా నల్లబడింది. అంతలో బిట్టు కొసన, దాన్ని అంచు వెంట నడిపే బుల్లి చక్రం ఊడి ఎటో ఎగిరిపోయింది. పట్టుతప్పిన బిట్టు చెక్కని ఇంత ముక్క కొరికేసింది.

ఆ గాటుని సరిచేయడానికి ఇంకో బిట్టు పెట్టాడు. అది చేసిన గాటు కోసం మరొకటి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. పెట్టెలోని చుట్టాలందరూ వంతులవారీగా వచ్చి తలో ముక్కా కొరికిపోయారు.

పై వాటా ఆవిడ తొంగిచూసింది. "ఏం కాలుస్తున్నారండీ?"

"చెక్కుతున్నానండీ."

"వాసన అలా లేదే."

రౌటర్ ఆపేసి నేలమీద కూలబడ్డాడు. మామగారు గుర్తొచ్చారు. పెళ్లికి ఆయనే ప్యాంటు కుట్టి, తొడిగి చూసి, "లోపల గుడ్డ వదిలాను బాబూ. మనిషి ఎప్పుడూ ఒకే కొలతలో ఉండడు," అన్నారు. ఆ వదిలిన గుడ్డ విప్పించుకుంటూ ఆ ప్యాంటే ఇప్పటికీ వేసుకుంటున్నాడు. అటువంటి మనిషి చెక్కని తాను కాల్చాడు. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆవిడ వచ్చేసరికి చెక్క కాలిన వైపు గోడకి ఆనించి ఉంది.

"అయిందా?"

"అయింది. ఆరుతోంది."

"చెక్కినదానికి ఆరడమేమిటి?"

ఆయన నీళ్లు నమిలాడు. ఆవిడ చెక్కని ఇటు తిప్పింది. "ఈ నలుపేమిటి?"

ఉన్నది చెప్పేస్తే ఒక తిట్టుతో పోయేది. "ముందు నుంచే ఉంది. మీ నాన్నగారు ఇస్త్రీ పెట్టె పెట్టి ఉంటారు," అన్నాడు. ఆఫీసుకొచ్చేవాళ్లు పాత మచ్చని కొత్తదంటారు. ఈయన కొత్త మచ్చని పాతదన్నాడు, అంతే తేడా.

అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. కాల్చింది తాను. నెపం వేసింది తన పెళ్లి ప్యాంటులో గుడ్డ వదిలిన మనిషి మీద, తిరిగి కాదనడానికి లేని మనిషి మీద.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్లద్దాలు కిందికి జరిపి, పైనుంచి చూసింది. "ముందు నుంచే ఉందా?"

"ఉన్నట్టే ఉంది."

"సాక్షులున్నారా?"

"పై వాటా ఆవిడ..."

"ఆవిడే చెప్పింది మెట్ల దగ్గర, పొద్దున్నుంచీ పొగేనని."

ఇక దాచలేకపోయాడు. చవక పెట్టె, ఖాళీ డబ్బా, దీపం అన్నీ చెప్పేశాడు. "నీకు మీ నాన్నగారి గుర్తుగా ఉన్నవే రెండు, అందులో ఇదొకటి. నేనే పాడుచేసి, మళ్లీ ఆయన మీదే పెట్టాను. తిట్టు, పడతాను," అన్నాడు. అంత పొట్టిగా ఆయన మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

ఆవిడ లోపలికి వెళ్లి మిషను వెనకనుంచి ఇంకో చెక్క తెచ్చింది. దాని మూలన ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ.

"మా నాన్న కాల్చిన మచ్చ ఇదీ. ఆ పూట ఆయన ముద్ద ముట్టలేదు."

"మరి నేను కాల్చిందేమిటి?"

"కింది వాటావాళ్లు పారేసిన బీరువా అర."

"మీ నాన్న చెక్క అన్నావుగా?"

"అనుకుని చేయమన్నాను."

పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఎక్కడో కలుక్కుమంది. "అంటే నన్ను నమ్మలేదన్నమాట."

"షాపాయన ప్యాంట్లు కుట్టేది నేనే. ఖాళీ డబ్బా అడిగిన మనిషిని మిమ్మల్నే మొదట చూశానన్నాడు." ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "మా నాన్న మీకేది కుట్టినా లోపల గుడ్డ వదిలే కుట్టారు. నేనూ అంతే."

ఆయన ఆ ఇస్త్రీ మచ్చని వేలితో మెల్లగా నిమిరాడు. "దీనికి ఏ బిట్టూ వద్దు. ఉన్నదున్నట్టే బిగించేస్తాను."

"మొదట నేనడిగిందీ అదే," అందావిడ.

షెల్ఫు బిగించాడు. మిగిలిన డబ్బుతో దీపం కొని దాని పక్కన పెట్టాడు. మంచి దీపం, ఆ వెలుగులో ఇస్త్రీ మచ్చ బాగా కనిపిస్తుంది. సుత్తి గారు ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా దానివైపు చూసి, మామగారితో ఏదో చెప్పబోయి, మానేస్తాడు.