మంత్రిగారూ మామూలు టికెట్టూ

బుధవారం ఉదయం లీమా నగరంలో ప్రాచీన వైభవ శాఖ మంత్రి డాక్టర్ ఒబ్లీతాస్ గారు విలేకరులను పిలిపించి, పెరూ దేశంలో క్యూ అనే వ్యవస్థను ఆ క్షణం నుంచి రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. కిల్యమార్క కొండ మీది రాతినగరం చూడాలంటే ఇకమీదట ఎవరూ ఎక్కడా నిలబడనక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఫోన్లో టికెట్టు కొనుక్కోవచ్చు. నమ్మకం కుదరనివాళ్ల కోసం తానే వెళ్లి, మంత్రిగా కాకుండా మామూలు పౌరుడిగా టికెట్టు కొని, కొండెక్కి, పూర్వీకులు సూర్యుణ్ణి కొలిచిన బండ మీద సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఒక చారిత్రక ఫైలు మీద సంతకం చేస్తానన్నారు. డాక్టర్ గారు నిజానికి లాయరు. ఆ దేశంలో లాయర్లందరూ డాక్టర్లే.

ఆ చారిత్రక ఫైలు ఆయన పర్సనల్ సెక్రటరీ ఫోర్తునాతోది. మూడు నెలల కాంట్రాక్టు మీద చేరి పదకొండేళ్లుగా అదే కాంట్రాక్టు మీద ఉన్న ఫోర్తునాతో ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే ఆర్డరు అందులో ఉంది. ఈ పదకొండేళ్లలో పదిహేడు మంది మంత్రులు మారారు. పదిహేడు మందీ సంతకం పెడతానన్నవాళ్లే, వాళ్లలో నలుగురు పెన్ను మూత కూడా తీశారు. వచ్చే నెలకి ఫోర్తునాతోకి యాభై ఐదు నిండుతాయి. నిండాక ఎవరు సంతకం పెట్టినా చెల్లదు.

గురువారం రైల్లో మంత్రిగారు కెమెరాల ముందు ఫోన్ తీసి టికెట్టు కొనబోయారు. అనుమతి నంబరు కొట్టమంది ఫోను. అనుమతి నంబరు ఎక్కడిస్తారంటే కొండ కింద కౌంటర్లో. కౌంటర్ ముందు ఐదు వందల మంది నిలబడి ఉన్నారు. క్యూ రద్దు కాలేదా అని ఫోర్తునాతో అక్కడి గార్డుని నిలదీశాడు.

"ఎందుక్కాలేదండీ, నిన్ననే అయింది" అన్నాడు గార్డు. "వీళ్లంతా ఎవరికి వాళ్లు విడివిడిగా, ఒకరి వెనక ఒకరు ఉన్నారు."

ఈ విడివిడి జనానికి ఒక ప్రెసిడెంటు ఉంది. పేరు ఎర్మెలిందా. కౌంటర్ పక్కనే ఉడికించిన మొక్కజొన్న పొత్తులు, చీజ్ ముక్కలు అమ్ముతుంది. తొమ్మిదేళ్ల కిందట క్యూ ఆమెను చేతులెత్తి ఎన్నుకుంది, అప్పట్నుంచి లీమాలో ప్రభుత్వాలు పడుతున్నాయి గాని ఈవిడ పడలేదు. ఒక నోటు పుస్తకంలో పేర్లు రాసుకుని, రెండు గంటలకోసారి హాజరు పిలుస్తుంది. పలకనివాడి పేరు కొట్టేస్తుంది. ఒకరి బదులు ఇంకొకరు నిలబడితే ఇద్దరినీ కొట్టేస్తుంది. వచ్చింది మంత్రిగారని ఫోర్తునాతో ఆమె చెవిలో వేశాడు.

"సంతోషం నాయనా. నిన్న బిషప్ గారొచ్చారు, మూడు వందల నలభై ఇచ్చాను. మీ అయ్యగారిది ఐదు వందల పన్నెండు, రాసుకో."

కౌంటర్లో రోజుకి నూరు టికెట్లే ఇస్తారు. అయినా రెండు చానళ్లు వెంట ఉండటం వల్ల, తనకు ఎంతో గర్వంగా ఉందని డాక్టర్ గారు ప్రకటించారు. ఆ గర్వంలోనే పక్కకు జరిగి, దేశంలో క్యూలు లేవని ఒక చానల్‌కి ఇంటర్వ్యూ ఇస్తుండగా హాజరు పిలిచారు. తిరిగొచ్చేసరికి ఆయన ఐదు వందల తొంభై. నా దేశంలో చట్టం అందరికీ సమానమని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలని ఆయన రెండో చానల్‌కి చెప్పారు. ఈసారి కదలకుండా చెప్పారు.

అప్పట్నుంచి ప్రాచీన వైభవ శాఖ ఫుట్‌పాత్ మీద నుంచే నడిచింది. మంత్రిగారు మడత కుర్చీలో కూర్చునే ఆరు శంకుస్థాపనలకు, రెండు విచారణ కమిటీలకు, కొండ మీద మేసే లామాలకు గుర్తింపు కార్డులిచ్చే పథకానికి సంతకాలు చేశారు. ఫోర్తునాతో గొడుగు పట్టాడు, కోకా ఆకుల టీ తెచ్చాడు, ఫైళ్లు అందించాడు. శనివారం నాడు ధైర్యం చేసి, లామాల ఫైలు కింద తన ఫైలు పెట్టి, పనిలో పనిగా ఇది కూడా అన్నాడు.

"నీది అలాంటి ఇలాంటి ఫైలా?" డాక్టర్ గారు నొచ్చుకున్నారు. "పదకొండేళ్ల నీ సేవని తీసుకెళ్లి ఫుట్‌పాత్ మీద పెట్టి అవమానించమంటావా?"

ఫోర్తునాతో కళ్లు చెమర్చాయి. ఇంత గౌరవం తనకు ఇదివరకెవరూ ఇవ్వలేదు.

బుధవారం ఉదయం డాక్టర్ గారికి టికెట్టు దొరికింది. లోపలికి పదకొండున్నరకి ప్రవేశం. అదే రోజు పదకొండింటికి లీమాలో మంత్రివర్గం మీద విశ్వాస పరీక్ష కూడా పెట్టారు. ఈ సంగతి విని ఫోర్తునాతో ఏమాత్రం కంగారుపడలేదు. పదకొండింటికి అంటే పన్నెండున్నరకి అని అర్థం. ఆ దేశంలో పెళ్లయినా చావయినా గంటకు తక్కువ ఆలస్యం కాదు, పైగా అది పార్లమెంటు. సంతకం పన్నెండింటికల్లా అయిపోతుంది, ప్రభుత్వం ఎంత తొందరగా పడినా ఒంటిగంట దాటుతుంది. వారం రోజులూ గొడుగు పట్టుకుని తిరగడంలో తన పేరు రాయించుకోవడం మరిచిపోయాడు గనక ఫోర్తునాతో పైకి వెళ్లడానికి లేదు. ఫైలూ, రెండు పెన్నులూ మంత్రిగారి చేతిలో పెట్టి బస్సెక్కించాడు. వచ్చి ఎర్మెలిందా రేడియో పక్కన కూర్చున్నాడు.

పదకొండు కొట్టగానే రేడియో సభ మొదలైందని చెప్పింది. ఫోర్తునాతోకి అర్థం కాలేదు. ఒంటిగంటకి చిలీతో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందనీ, సభ్యులంతా ఆలోపు ఇళ్లకు చేరాలని పట్టుబట్టారనీ ఎర్మెలిందా విడమరిచి చెప్పింది. పదకొండూ ఇరవైకి ప్రభుత్వం పడిపోయింది. ఫోర్తునాతో పైకి ఫోన్ చేశాడు, చేస్తూనే ఉన్నాడు. కొండ మీద సిగ్నల్ లేదు. సెల్ టవర్ పూర్వీకుల చూపుకి అడ్డొస్తోందని పోయిన నెలలో డాక్టర్ గారే పీకించారు.

రెండింటికి ఆయన వెలిగిపోతూ దిగారు. ఆర్డరు మీద సంతకం ముత్యాల్లా ఉంది. దాని కింద తేదీ. ఏ మంత్రీ వెయ్యని విధంగా, చరిత్ర కోసమని, తేదీ కింద టైము కూడా వేశారు. పన్నెండు గంటలు.

ఫోర్తునాతో వార్త చెప్పాడు. డాక్టర్ గారు నిబ్బరంగా విని, తనకు వ్యతిరేకంగా ఎవరెవరు ఓటేశారో అడిగి పేర్లు రాసుకున్నారు. ఫోర్తునాతో ఆర్డరు మళ్లీ ఆయన ముందు పెట్టాడు.

"ఒక్క అంకె డాక్టరు గారూ. పన్నెండులో ఆ రెండుని ఒకటి చేస్తే చాలు. మీరింకా మంత్రే అవుతారు, నా బతుకు నిలబడుతుంది."

"ఇరవై ఏళ్ల రాజకీయంలో ఒక్క దొంగ కాగితం పుట్టించినవాణ్ణి కాను" అన్నారు డాక్టర్ గారు. "అయినా పదకొండుకి నేను పైనెలా ఉంటానయ్యా? టికెట్టు మీద పదకొండున్నర అని గుద్దారు కదా."

గుద్దిన టికెట్టు చూపించారు కూడా. మళ్లీ మడత పడకుండా పర్సులో పెట్టుకున్నారు. మూడింటి రైలుకి తన కోసం ఎవరూ సీటు ఆపలేదని స్టేషన్ మాస్టరుని కేకలేసి, చివరి పెట్టెలో నిలబడి వెళ్లిపోయారు.

ఫోర్తునాతో ఫుట్‌పాత్ మీద కూలబడి ఏడ్చాడు. జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా చాలాసేపు ఏడ్చాడు. ఎర్మెలిందా వేడి పొత్తు ఒకటి అతని చేతిలో పెట్టి, తన పని చేసుకుంది. సాయంత్రం హాజరు పిలవబోయే ముందు అతను లేచి, మొహం తుడుచుకుని, ఆమె దగ్గరికి వచ్చాడు. పేర్లు రాయాలన్నాడు.

"ఎవరెవరివి నాయనా?"

"ముందు నాది రాయండమ్మా. నా కింద మంత్రిగారు అని రాయండి. ఎవరో లీమాలో ఇంకా తేలలేదు, రేపు పేరు చెబుతాను."

ఎర్మెలిందా ఫోర్తునాతో పేరు రాసింది. ఆ తర్వాత పెన్ను మూతపెట్టి, బుట్టలో వెతికి, పెన్సిలు తీసింది.