తీగ తెగినవన్నీ

ఆ రోజు పొద్దున్న రాగిమేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా ఇల్లు ఖాళీ చేయించాలి, పదకొండుకు క్షవరం చేయించుకోవాలి, పన్నెండుకు భార్య ఆటో దిగేసరికి గుమ్మంలో నిలబడి నవ్వాలి. నవ్వి మూడు నెలలైంది కాబట్టి అద్దం ముందు ఒకటి రెండుసార్లు నవ్వి చూసుకున్నాడు కూడా. ఏం బాగాలేదు.

పాత ఏసీలు, కూలర్లు, గీజర్లు విప్పి రాగి ఒక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప, ఇనుము ఒక కుప్ప వెయ్యడం ఆయన వృత్తి. యార్డు నిండిపోయాక సరుకు వరండాలోకి వచ్చింది, వరండా నిండాక హాల్లోకి వచ్చింది. ఆ ఇల్లాలు అదంతా భరించింది. భరించలేనిది ఆయన జేబులోని కట్టర్‌ని! తుక్కులో వచ్చిన మోటారుకు ఇంకా ప్రాణం ఉందో లేదో చూడాలంటే తీగ కావాలి. చేతికందేది ఇంట్లో తీగే. "మళ్ళీ అతికిస్తాలేవే" అంటూ మిక్సీ తీగ కత్తిరించాడు, టేబుల్ ఫ్యాను తీగ కత్తిరించాడు. ఒకనాడు ఆవిడ పెళ్ళికి బయల్దేరబోతూ చూస్తే ఇస్త్రీపెట్టెకు తీగ లేదు. నలిగిన చీరతోనే పెళ్ళికి వెళ్ళింది, అటు నుంచి అటే చెల్లెలింటికి వెళ్ళిపోయింది.

మూడు నెలలు! ఇస్త్రీ లేని చొక్కాలు వేసుకున్నాడు, ఒకే కంచంలో తిని ఒకే కంచం కడుక్కున్నాడు. ఆవిడ లేని గదికి చల్లదనం ఎందుకని పడగ్గది ఏసీ తీగ కూడా కత్తిరించి యార్డుకు పట్టుకుపోయాడు. అది ఇరవై ఏళ్ళ నాటి కిటికీ ఏసీ. గడగడా మోగేది. మోత తగ్గడానికి ఆవిడ దాని ముందు జాలీలో ఒక తలపిన్ను గుచ్చింది. పడుకోబోయే ముందు మేస్త్రి ఆ పిన్నును ఒకసారి తడిమి చూసుకునేవాడు.

నిన్న సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. "రేపు మధ్యాహ్నం వస్తున్నానండీ. ఇంట్లో తుక్కు ఒక్కటి కనబడిందా, వచ్చిన ఆటోలోనే వెనక్కి తిరుగుతా."

అందుకే పొద్దున్నే బావమరిదిని పిలిచాడు. యార్డులో ఆయన కుడిభుజం అతనే. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అదే అతనితో వచ్చిన చిక్కు. యార్డు గోడ మీద సుద్దతో రాసిన నియమం ఒక్కటే: తీగ ఉంటే మరమ్మతుకు, తీగ తెగితే తుక్కుకు.

"మీ అక్క వస్తోందిరా! ఇంట్లో తీగ తెగినవన్నీ ట్రాలీ ఎక్కించెయ్. ఒక్కటి కూడా మిగలకూడదు."

"ఒక్కటి కూడానా బావా?"

"ఒక్కటి కూడా!"

నున్నటి గడ్డంతో తిరిగొచ్చిన మేస్త్రి తన ఇంట్లో తనే దగ్గాడు. దగ్గు నాలుగు గోడలకూ తగిలి వెనక్కి వచ్చింది. వరండా ఖాళీ, హాలు ఖాళీ. అంతవరకూ బాగానే ఉంది. వంటింట్లో మిక్సీ లేదు, ఫ్రిజ్ లేదు. మూల వాషింగ్ మెషీన్ లేదు. తను ఇన్ని తీగలు కత్తిరించాడా అని మొదటిసారి ఆశ్చర్యపోయాడు. పడగ్గదిలోకి వెళ్తే కిటికీలో ఏసీ ఉండాల్సిన చోట ఆకాశం కనబడింది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అంటూ యార్డుకు పరుగు తీశాడు.

ట్రాలీలో సామానంతా భద్రంగానే ఉంది. ఏసీ మాత్రం అప్పటికే మూడు కుప్పలైంది.

"రాగి ఉన్నది ముందు విప్పమని నువ్వే కదా నేర్పావు బావా" అన్నాడు బావమరిది, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

మేస్త్రి తిట్టలేదు. ఇనుప కుప్ప ముందు గొంతుక్కూర్చుని వెతికాడు. తలపిన్ను దొరికింది. జేబులో వేసుకుని, "మిగిలినవన్నీ ఇంటికి తోలుకు రారా, తొందరగా" అని మళ్ళీ పరుగెత్తాడు.

ఆటో ఆయన కంటే ముందే వచ్చింది. ఆవిడ హాలు మధ్యలో నిలబడి ఉంది.

"తుక్కు తీసెయ్యమన్నానండీ, ఇల్లంతా ఊడ్చెయ్యమన్నానా?"

"వస్తున్నాయే, అన్నీ వస్తున్నాయి. ఒక్క..." అంటూ పడగ్గది వైపు చూపించాడు. "మన గదిలో ఏసీ మాత్రం రాదు."

ఆవిడ పడగ్గదిలోకి వెళ్ళింది. కిటికీలోని కన్నం వైపు చాలాసేపు చూసింది. బయట ఆటో ఇంజను ఆగకుండా మోగుతూనే ఉంది. అయిపోయింది, వెళ్ళిపోతుంది అనుకున్నాడు మేస్త్రి.

"నువ్వు వెళ్ళాక ఎప్పుడూ వెయ్యలేదు దాన్ని" అన్నాడు. "నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదే. పిన్ను మాత్రం తెచ్చాను." అరచేతిలో పెట్టి చూపించాడు.

ఆవిడ పిన్ను తీసుకోలేదు. కళ్ళు ఒత్తుకుంది.

"అమ్మా, ఇది దించాలా, వద్దా? కాళ్ళు పెట్టుకోను చోటు లేదు నాకు!" అని బయట నుంచి ఆటో అతను అరిచాడు.

"దించు బాబూ, దించు" అంది ఆవిడ. ఆ పైన మేస్త్రి వైపు తిరక్కుండానే, "మా చెల్లెలు కొత్త ఏసీ పెట్టించింది. చప్పుడే ఉండదు దానికి. మూడు నెలలు కన్ను మూతపడితే ఒట్టు. పాతది తుక్కుకు పడేస్తానంటే నేనే తెచ్చుకున్నా. గడగడమంటుందట" అంది.

వచ్చిన ఆటోలోనే వెనక్కి తిరుగుతానన్న మనిషి, ఆ ఆటోలోనే తుక్కు వేసుకుని వచ్చింది!

మేస్త్రీ, ఆటో అతనూ కలిసి దాన్ని మోసి కిటికీలోకి ఎక్కించి ప్లగ్గు పెట్టారు. ఇల్లంతా గడగడలాడింది. మేస్త్రి పిన్ను జాలీలో గుచ్చబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి. మోగనీ."

ఆయనకు అద్దం అక్కర్లేకుండానే నవ్వొచ్చింది.

అంతలో ట్రాలీ వచ్చింది. మిక్సీ భుజాన వేసుకుని లోపలికొచ్చిన బావమరిది కొత్తగా వచ్చిన ఏసీ తీగను పైనుంచి కిందికి పరీక్షగా చూశాడు. "ఫ్రిజ్ మోటారు బతికే ఉందో లేదో చూడాలి బావా, ఒక్కసారి నీ కట్టర్ ఇటివ్వు" అన్నాడు.

మేస్త్రి జేబు తడుముకున్నాడు. కట్టర్ అప్పటికే ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంది.