రెండో చరణం వచ్చేదాకా లైన్లో ఉండండి

సంగీతాన్ని భద్రపరచడానికి మానవజాతి కనిపెట్టిన సాధనాలన్నిటిలోకీ గొప్పది ప్రభుత్వ కార్యాలయపు టెలిఫోను. రికార్డులకు గీతలు పడతాయి, టేపులకు బూజు పడుతుంది, కంపెనీలు మూతపడతాయి. ఫోనులో వేచి ఉన్నవాళ్లకు ఆఫీసు వినిపించే పాట మాత్రం, దాన్ని మార్చడానికి ఎవరి సంతకం కావాలో ఎవరికీ తెలియదు కనుక, చిరంజీవి.

మా ఏక్రన్ పట్నంలోని కార్మిక ప్రయోజనాల పునఃపరిశీలన కార్యాలయంలో ఆ పాట పంచ్ క్లాక్స్ వాళ్లది. డెబ్బై ఎనిమిదిలో, టైర్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే తాళాలు వేసుకుంటున్న రోజుల్లో, ఫ్యాక్టరీ ఏప్రన్లు తొడుక్కుని, కీ ఇచ్చిన బొమ్మల్లా మెడలు తిప్పుతూ వాయించిన న్యూవేవ్ రాక్ బ్యాండు అది. ఈ పాటనే ఐదువందల రికార్డులు సొంతంగా వేసుకున్నారు. మొదటి చరణం నాయకుడు పాడాడు. రెండోది కీబోర్డు వాయించే డార్లీన్ హుడాక్ పాడింది. తర్వాత న్యూయార్క్ కంపెనీ ఒకటి వచ్చి, ఆ చరణం కూడా నాయకుడి చేతే పాడించి మొదటి ఆల్బమ్ తెచ్చింది. పాత రికార్డులన్నీ ఏరించి, ఒప్పందం ప్రకారం కరిగించింది. (ఆల్బమ్ అట్ట మీద నలుగురు మగాళ్లు కనిపిస్తారు, అంచున ఒక మోచెయ్యి. మోచెయ్యి డార్లీన్‌ది. రెండో ఆల్బమ్‌కి అదీ లేదు.)

కరగకుండా మిగిలింది ఒక్కటే. బ్యాండులో బేస్ గిటార్ వాయించినాయన పగలు ఆ ఆఫీసులో గుమాస్తా. పోయేలోగా ఆయన చేసిన పుణ్యం, పాత రికార్డును ఆఫీసు ఫోనులోకి ఎక్కించడం. డార్లీన్‌కి ఇప్పుడు డెబ్బై ఒకటి. గొంతు ఆపరేషన్ తర్వాత మాట గరగరలాడుతోంది. తను ఎలా పాడేదో ఒక్కసారి వినాలని ఆవిడ కోరిక. ఈ ప్రభుత్వాన్ని ఆవిడ ఇంకేమీ అడగలేదు.

చిక్కల్లా, ఆవిడ గొంతు రెండు నిమిషాల పది సెకన్లకు వస్తుంది. కొత్త సామర్థ్య ఉత్తర్వు ప్రకారం ఆఫీసు తొంభై సెకన్లలో ఫోను ఎత్తుతుంది.

పక్కింటివాణ్ణి కనుక ఆవిడ వంటింట్లో నేనూ కూర్చున్నాను. ఫోను స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంది. తొంభయ్యో సెకనులో పాట తెగి, ఆఫీసు గుమాస్తా పలికాడు.

"చెప్పండి మేడమ్, మీ సమస్య ఏంటి?"

"ఏం లేదు నాయనా. మళ్లీ లైన్లో పెట్టు."

"సమస్య లేకుండా లైన్లో పెట్టకూడదండీ. రూల్ ఒప్పుకోదు."

"ఉందిలే. మా తమ్ముడికి బుద్ధి లేదు."

"అది మా శాఖ కాదు మేడమ్."

బ్యాండులో డ్రమ్ములు వాయించిన తమ్ముడు ఆరిన్ ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. "నా డ్రమ్ములు వినపడ్డాయి కదా అక్కా, చాలదా?" అన్నాడు.

"నీవి ఆల్బమ్‌లోనూ ఉంచారు కదరా. ఊరంతా విన్నారు, తాళం తప్పడం కూడా."

ఆవిడ పట్టు వదల్లేదు. రోజుకో సమస్య కల్పించింది. ఆఫీసు ప్రతిదాన్నీ అక్కడికక్కడే తీర్చింది. మూడు వారాల్లో ఆవిడకు రెండు ధ్రువపత్రాలు, వద్దంటున్నా ఒక చేతికర్ర మంజూరయ్యాయి. (నా మోకాలి దరఖాస్తు అక్కడే పదకొండేళ్లుగా పరిశీలనలో ఉంది.)

చివరికి నిరీక్షణ నాణ్యతాధికారి వెండెల్ ప్రాసర్ దగ్గరికి వెళ్లాం. పాటకు నకలు ఇమ్మన్నాం. పాట ప్రభుత్వ ఆస్తి కాదు కనుక ఇచ్చే అధికారం తమకు లేదని, వినిపించే అధికారం మాత్రమే ఉందని ఆయన ఓపిగ్గా వివరించి, ఒక ఫారం చేతికిచ్చాడు.

"ఇందులో సంగీతంపై ఫిర్యాదు అని ఉంది. నాది ఫిర్యాదు కాదయ్యా, ఇష్టం," అంది డార్లీన్.

"ఇష్టానికి గడి లేదండీ. ఫిర్యాదు గడిలో టిక్కు పెట్టి, కింద ఇష్టమని రాయండి. పైవాళ్లు చదువుకుంటారు."

పైవాళ్లు టిక్కు చదివారు. ఆరో రోజున ఉత్తరం వచ్చింది. నలభై ఐదేళ్లలో నిరీక్షణ సంగీతంపై అందిన తొలి ఫిర్యాదు మీదేనని, కలిగిన బాధకు చింతిస్తూ ఆ పాటను శాశ్వతంగా చెరిపేశామని అందులో ఉంది.

డార్లీన్ వెంటనే ఫోను చేసింది. ఆ ఆఫీసు చరిత్రలో మొదటిసారి నలభై నిమిషాలు లైన్లో ఉంచారు. (ఫిర్యాదు పరిష్కరించిన సందర్భంగా సిబ్బంది అంతా కేకు కోస్తున్నారట.) ఫోనులో చప్పుడు లేదు. రెండు నిమిషాలు గడిచాక ఆరిన్ బల్ల మీద వేళ్లతో మెల్లగా దరువు వేశాడు, ఈసారి తాళం తప్పకుండా. తన చరణం దగ్గర డార్లీన్ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

నలభయ్యో నిమిషంలో రికార్డు చేసిన గొంతు ఒకటి, మా సేవ మీకు నచ్చితే ఒకటి నొక్కండి, చాలా నచ్చితే రెండు నొక్కండి, లేదా మీ సొంత గొంతుతో అభిప్రాయం చెప్పండి అంది.